ఉబుంటు 22.04: అప్‌డేట్ నడుస్తుంటే కరెంట్ పోయింది, లాగిన్ స్క్రీన్ వస్తలేదు

నల్లగొండ_డీటీపీ

అన్నలకు నమస్తే. గడియారం సెంటర్ దగ్గర డీటీపీ షాపుల సిస్టం ఇది. ఉబుంటు 22.04, ఐ5 నాలుగో జనరేషన్, 8 జీబీ ర్యామ్, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు, దానికి ఎన్విడియా 470 డ్రైవర్. ఎస్‌ఎస్‌డీ 120 జీబీ, అందుల రూట్‌కు (సిస్టం ఉండే పార్టిషన్) 28 జీబీ ఇచ్చి మిగిలింది హోమ్‌కు (మా ఫైళ్లుండే పార్టిషన్) పెట్టినం.

నిన్న గాలిదుమారానికి కరెంట్ పోయింది, యూపీఎస్ ఆగలేదు. అప్పుడు వెనక అప్‌డేట్ నడుస్తున్నదట, ఎవరం చూడలేదు. ఇప్పుడు ఆన్ చేస్తే లోగో వస్తది, తర్వాత స్క్రీన్ నల్లగయి ఎడమ దిక్కు పైమూలకు చిన్న గీత కొట్టుకుంటుంటది. పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్ దాక పోతలేదు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కితే మాత్రం అక్షరాల లాగిన్ వస్తున్నది, పాస్‌వర్డ్ కూడ తీసుకుంటున్నది.

హోమ్‌ల పెండ్లి పత్రికల ఫైళ్లున్నయి, కొన్ని రేపు ప్రింటుకు పోవాలె. ఫార్మాట్ కొట్టి మళ్లా వేసుడే అంటున్నరు. ఫైళ్లు పోకుండ ఉపాయం ఉంటే చెప్పుండ్రి.

పాలమూరు_టెర్మినల్

ఫార్మాట్ వద్దు తమ్మీ. ఎఫ్3లో లాగిన్ అయితున్నదంటే కెర్నెల్ (సిస్టం అసలు భాగం) లేచింది, డిస్కు మౌంట్ అయింది, నీ యూజర్ అకౌంట్ బాగుంది. లేవనిది జీడీఎం, అంటే లాగిన్ స్క్రీన్ తెచ్చే ప్రోగ్రాం, ఒక్కటే. అది అన్నిటికన్న ఆఖరున లేస్తది కాబట్టి కింద ఏది చెడినా దాని మీదనే కనబడతది.

రేపటి పత్రికలను ముందు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించు, రిపేరు తర్వాత. పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్3లో:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ
సుడో సీపీ -ఆర్ ~/పత్రికలు /ఎంఎన్‌టీ/
సింక్
సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ

ఎస్‌డీబీ1 అనేది మొదటి కమాండ్‌లో నీ పెన్‌డ్రైవ్ సైజు పక్కన ఏ పేరుంటే అది. పత్రికలు అన్నచోట నీ ఫోల్డర్ పేరు రాయి. తెలుగు పేరున్న ఫోల్డర్లు ఎఫ్3 స్క్రీన్ మీద డబ్బాలుగా కనబడతయి, భయపడకు. మొదటి అక్షరం కొట్టలేవు కాబట్టి సీడీతో పై ఫోల్డర్‌లోకి పోయి, చుక్క పెట్టి అంతా ఒకేసారి కాపీ చేయి.

ఇక రిపేరు. ఈ మూడు (డిస్కుల జాగ, సగంలో ఆగిన ప్యాకేజీలు, జీడీఎం లాగ్) చూసి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు:

డీఎఫ్ -హెచ్
డీపీకేజీ --ఆడిట్
సుడో జర్నల్‌సీటీఎల్ -బి -యు జీడీఎం

స్క్రీన్ మాటిమాటికి ఎఫ్1కు ఎగిరిపోయి టైపు చేయనియ్యకపోతే జీడీఎం పడి లేస్తున్నట్టు. అప్పుడు గ్రబ్ మెనూ (ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునేది) తెచ్చుకో. యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) అయితే ఆన్ కాంగనే ఎస్కేప్ ఒక్కసారే నొక్కు, పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకో. ఎస్కేప్ రెండుసార్లు పడితే ఉత్త గ్రబ్ ప్రాంప్ట్ వస్తది, అక్కడ నార్మల్ అని కొట్టి ఎంటర్ చేసి, వెంటనే మళ్లా ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలె. మెనూ మీద ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఒక ఖాళీ విడిచి 3 అంకె పెట్టి ఎఫ్10 నొక్కితే గ్రాఫిక్స్ లేకుండ లేస్తది. ఇది ఆ ఒక్కసారికే, ఎక్కడా సేవ్ కాదు.

నల్లగొండ_డీటీపీ

ఫైళ్లు ఎక్కినయి అన్నా, పానం నిమ్మలమయింది.

డీఎఫ్‌ల రూట్ 28 జీబీకి 100 శాతం, అవైలబుల్ 0. హోమ్ 41 శాతమే. డీపీకేజీ ఆడిట్ల లినక్స్-ఇమేజ్ 6.8.0-45 సగమే కాన్ఫిగర్ అయిందని, లినక్స్-హెడర్స్ అన్‌ప్యాక్ అయి కాన్ఫిగర్ కాలేదని వచ్చింది. జర్నల్ల జీడీఎం దగ్గర 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఉన్నది.

రూట్ నిండితే ఎఫ్3ల ఎట్ల లాగిన్ అయితున్న మరి?

పాలమూరు_టెర్మినల్

మంచి ప్రశ్న. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం మామూలుగా 5 శాతం జాగ రూట్ అనే అడ్మిన్ యూజర్ కోసం పక్కకు పెడతది. నీ 28 జీబీలో అది దాదాపు 1.4 జీబీ. మామూలు యూజర్లకు 0 అని చూపించినా రూట్ ఇంకా రాసుకోగలదు. ఎఫ్3 లాగిన్ నడిపేది రూట్. నీ ఫైళ్లున్నది వేరే పార్టిషన్. కాని జీడీఎం లాగిన్ స్క్రీన్ జీడీఎం అనే పేరు మీదనే వేరే యూజర్‌గా నడుస్తది, దాని హోమ్ /వార్/లిబ్/జీడీఎం3, అది రూట్ పార్టిషన్‌లో ఉన్నది. దానికి ఒక్క బైటు రాసే జాగ లేదు, అందుకే పడుతున్నది.

అంటే నీ దగ్గర రెండు తప్పులు కలిసినయి: జాగ నిండుడు ఒకటి, ప్యాకేజీలు సగంలో ఆగుడు ఒకటి. డ్రైవర్ది మూడోది ఉండొచ్చు, దాని సంగతి తర్వాత. వరుస మాత్రం తప్పొద్దు. జాగ చేయకముందు డీపీకేజీ నడిపితే ఇనిట్‌ఆర్‌ఎఎంఎఫ్ఎస్ (కెర్నెల్ లేచేటప్పుడు మొదట వాడే ఫైల్) తయారీ మధ్యలో ఆ మిగిలిన జాగ కూడ అయిపోయి, ఇప్పుడు లేస్తున్న సిస్టం కూడ లేవకుండ అయితది.

ఏది తిన్నదో చూడు:

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -హెచ్

ఎక్స్ పెట్టుడు మరవకు, లేకుంటే హోమ్ కూడ కలిపి లెక్క పెడతది. ముందుగా నష్టం లేకుండ ఖాళీ అయ్యేవి ఇవి:

సుడో ఆప్ట్ క్లీన్
సుడో జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=100ఎం

ఈ రెండోది పాత లాగ్ చెరిపేస్తది, కాబట్టి జర్నల్‌లో చూడాల్సింది ఇంకేమన్న ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. /బూట్‌లో ఫైళ్లను మాత్రం ఆర్‌ఎంతో తీసెయ్యకు. అవి ప్యాకేజీల లెక్కలో ఉంటయి, చేత్తో తీస్తే డీపీకేజీ ఇంకా గందరగోళం అయితది. పాత కెర్నెళ్లు ఆప్ట్ ఆటోరిమూవ్‌తోనే పోవాలె, అది కూడ డీపీకేజీ బాగయిన తర్వాతనే.

నల్లగొండ_డీటీపీ

టైమ్‌షిఫ్ట్ (సిస్టం బ్యాకప్ ప్రోగ్రాం) ఫోల్డర్ ఒక్కటే 13 జీబీ ఉన్నది. రెండు కమాండ్లకు 2 జీబీ దాక ఖాళీ అయింది. టైమ్‌షిఫ్ట్ ఫోల్డర్‌ను ఆర్‌ఎం కొట్టెయ్యాల్నా?

పాలమూరు_టెర్మినల్

ఆర్‌ఎం వద్దు. సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్ కొట్టు, అందరికన్న పాతదాని పేరు తీసుకొని:

సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్ --స్నాప్‌షాట్ 'పేరు'

మొదటిది తీసినా జాగ పెద్దగ పెరగకపోవచ్చు. స్నాప్‌షాట్లు హార్డ్ లింకులతో ఒకే ఫైలును పంచుకుంటయి, దాన్ని పట్టుకున్న ఆఖరి స్నాప్‌షాట్ పోయినప్పుడే జాగ వస్తది. కొత్తది ఒక్కటి ఉంచి మిగిలినవి తీసెయ్యి. బాగయినంక టైమ్‌షిఫ్ట్ సెట్టింగ్స్‌లో వేరే డిస్కు చూపించు. 28 జీబీ రూట్‌లో స్నాప్‌షాట్లు పెట్టుడు ఎప్పటికీ మంచిది కాదు.

4 జీబీ ఖాళీ కాంగనే:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

డీపీకేజీ పని రెండు మెట్లుగా చేస్తది: ముందు ఫైళ్లు విప్పి పరుస్తది, తర్వాత ఒక్కొక్క ప్యాకేజీని అమరుస్తది. కరెంట్ ఆ రెండింటి నడుమ పోయింది. మొదటి కమాండ్ విప్పినవాటిని అమరుస్తది, రెండోది రానివాటిని తెస్తది, దానికి నెట్ కావాలె. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి, చాలావరకు దానంతటదే పట్టుకుంటది.

లాక్ ఉన్నదని వస్తే లాక్ ఫైల్ తీసెయ్యమని చెప్పేవాళ్ల మాట వినకు. వెనక అప్‌డేట్ మళ్లా మొదలయి ఉంటది, పది నిమిషాలు ఆగి చూడు. పాత కాన్ఫిగ్ ఫైల్ ఉంచాల్నా, కొత్తది పెట్టాల్నా అని అడిగితే ఎన్ కొట్టు, పాతదే ఉంటది.

కృష్ణా_ఆయకట్టు

ఆ రెండు కమాండ్లు అయ్యాక రీబూట్ చేసే ముందు డ్రైవర్ సంగతి చూసుకోండి, లేకపోతే జాగా ఉన్నా నల్ల స్క్రీనే వస్తుంది. ఎన్విడియా డ్రైవర్ బయటి మాడ్యూల్. ప్రతి కొత్త కెర్నెల్‌కు డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. అందుకు ఆ కెర్నెల్ హెడర్స్ (కంపైల్‌కు కావాల్సిన ఫైళ్లు) పూర్తిగా అమరి ఉండాలి. మీ ఆడిట్‌లో సగంలో ఆగింది సరిగ్గా ఆ హెడర్సే.

డీకేఎంఎస్ స్టేటస్

కొట్టి చూడండి. పాత కెర్నెల్ 6.8.0-40 పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉండి, 6.8.0-45 అసలు కనిపించకపోతే కొత్త కెర్నెల్‌కు డ్రైవర్ తయారు కాలేదు. అప్పుడు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-6.8.0-45-జెనెరిక్
సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ -కే 6.8.0-45-జెనెరిక్
సుడో అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఎఎంఎఫ్ఎస్ -యు -కే 6.8.0-45-జెనెరిక్

నాలుగో తరం ఐ5 మీద కంపైల్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది. స్క్రీన్ మీద కదలిక లేదని ఆపేయకండి. తప్పిపోతే కారణం /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఎన్విడియా ఫోల్డర్‌లోని మేక్.లాగ్‌లో ఉంటుంది, దాని చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టండి.

బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను ఆపేది) ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక. ఎంఓకేయుటిల్ --ఎస్‌బీ-స్టేట్ కొడితే తెలుస్తుంది. ఎనేబుల్డ్ అని వస్తే, మాడ్యూల్ మీద సంతకం చేసిన తాళంచెవి ఎంఓకే (మెషిన్ ఓనర్ కీ)గా నమోదై ఉండాలి. రీబూట్‌లో నీలం స్క్రీన్ వచ్చి పది సెకన్లే ఆగుతుంది. ఆ లోపల ఏదైనా కీ నొక్కి ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకోవాలి. చూడకుండా వదిలేస్తే డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినా లోడ్ కాదు.

ఇవన్నీ కుదరకపోయినా రేపటి పని ఆగదు. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 6.8.0-40 ఎంచుకుంటే దానికి డ్రైవర్ ముందే తయారై ఉంది. జాగా ఖాళీ చేసిన తర్వాత అది లాగిన్ స్క్రీన్ దాకా రావాలి.

నల్లగొండ_డీటీపీ

హెడర్స్ మళ్లా వేసి, డీకేఎంఎస్ నడిపి రీబూట్ కొట్టిన. లాగిన్ స్క్రీన్ వచ్చింది! కాని ఇప్పుడు పాస్‌వర్డ్ తప్పంటున్నది. పొద్దున ఎఫ్3ల ఇదే పాస్‌వర్డ్‌తోని పోయిన. పాస్‌వర్డ్ డబ్బా పక్కన కన్ను బొమ్మ నొక్కితే లోపల తెలుగు అక్షరాలు పడుతున్నయి.

కృష్ణా_ఆయకట్టు

కన్ను బొమ్మ నొక్కి చూడటం మంచి పని, సగం మంది అక్కడ పాస్‌వర్డ్ రీసెట్‌కు పోతారు. కుడివైపు పైన కీబోర్డ్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ఇంగ్లిష్ ఎంచుకోండి, లేదా సూపర్ (విండోస్ గుర్తు కీ)+స్పేస్ నొక్కండి.

లోపలికి వెళ్లాక /ఈటీసీ/డీఫాల్ట్/కీబోర్డ్ ఫైల్ తెరిచి వరుస చూడండి. ఎక్స్‌కేబీలేఅవుట్ ఎదురుగా ఐఎన్ (ఇండియా లేఅవుట్) ముందు, యూఎస్ వెనక ఉంటే లాగిన్ స్క్రీన్ తెలుగుతోనే లేస్తుంది. దాన్ని ఇలా మార్చండి:

ఎక్స్‌కేబీలేఅవుట్="యూఎస్,ఐఎన్"
ఎక్స్‌కేబీవేరియంట్=",టెల్"

రెండో లైన్‌లో కామా ముందు ఏమీ ఉండకూడదు, యూఎస్‌కు వేరియంట్ లేదని దాని అర్థం. ఆ కామా మరిచిపోతే టెల్ అనేది యూఎస్‌కు అంటుకుని మొత్తం లేఅవుట్ చెడుతుంది. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంతో తెలుగు టైప్ చేసేవాళ్లకు ఈ చిక్కు రాదు, పాస్‌వర్డ్ డబ్బాలో ఐబస్ పనిచేయదు. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డ్‌ను సిస్టం లేఅవుట్‌గా పెట్టుకున్నవాళ్లకే వస్తుంది.

ఇంకో లక్షణం కూడా చెబుతాను, వేరేవాళ్లకు పనికొస్తుంది. పాస్‌వర్డ్ తప్పు అనకుండా, తీసుకుని ఒక క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వస్తే అది కీబోర్డ్ కాదు, డ్రైవరూ కాకపోవచ్చు. ఎఫ్3లో ఎల్‌ఎస్ -ఎల్‌ఏ ~ కొట్టి .ఎక్స్అథారిటీ ఫైల్ ఉంటే అది ఎవరి పేరు మీద ఉందో చూడాలి. సుడోతో ఏదైనా గ్రాఫిక్ ప్రోగ్రాం తెరిచినప్పుడు అది రూట్ పేరుకు మారిపోవచ్చు. సుడో చౌన్‌తో మీ యూజర్ పేరుకు మార్చితే సరి. అది బాగుంటే /టీఎంపీ పర్మిషన్ 1777 ఉందా, హోమ్ నిండిందా చూడండి.

నల్లగొండ_డీటీపీ

సూపర్+స్పేస్‌తోని లోపలికి పోయిన. ఫైల్ల ఐఎన్ ముందే ఉన్నది, మార్చిన. రీబూట్ చేస్తే ఇంగ్లిష్‌తోని లేచింది. పత్రికలు ప్రింటుకు పంపిన. ఇద్దరికీ చాల కృతజ్ఞతలు అన్నా.

ఒక్క మాట. మేం అప్‌డేట్ పెట్టకుండనే ఎట్ల నడిచింది? మళ్లా కరెంట్ పోతే మళ్లా ఇదే గోసనా?

పాలమూరు_టెర్మినల్

ఆప్ట్-డెయిలీ-అప్‌గ్రేడ్ అనే టైమర్ ఉంటది. దాని వేళ పొద్దున 6 గంటలు, ఆ మీద ఒక గంట లోపల ఎప్పుడన్న మొదలయితది. నీ సిస్టం ఆ టైముకు బందు ఉంటది కదా, తప్పిపోయిన పనిని ఆన్ కాంగనే చేయాలని అందులోనే రాసి ఉంటది. అంటే షాపు తెరిచి స్విచ్ వేసినంక కొద్దిసేపటికే, నువ్వు పనిలో పడ్డప్పుడు, చెప్పకుండ నడుస్తది. సరిగ్గ షట్‌డౌన్ కొడితే అది చేతిలో ఉన్న ప్యాకేజీ ముగించి ఆగుతది. కరెంట్ పోయినప్పుడు ఆ అవకాశం ఉండదు.

అప్‌డేట్లు బందు పెట్టకు, సెక్యూరిటీవి రావాలె. వేళ మార్చు:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆప్ట్-డెయిలీ-అప్‌గ్రేడ్.టైమర్

తెరుచుకున్న ఫైల్‌లో పైన గుర్తులు చెప్పిన జాగలోనే రాయి:

[టైమర్]
ఆన్‌క్యాలెండర్=
ఆన్‌క్యాలెండర్=*-*-* 13:30
రాండమైజ్డ్‌డిలేసెక్=0
పర్‌సిస్టెంట్=ఫాల్స్

మొదటి ఆన్‌క్యాలెండర్ ఖాళీగనే విడవాలె, అప్పుడే పాత 6 గంటలది రద్దయితది. లేకుంటే రెండు వేళలకూ నడుస్తది. 13:30 నా అంచనా, మీ ఫీడర్ మీద కరెంట్ నిలకడగ ఉండే టైము పెట్టుకో. సేవ్ చేసినంక సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ కొడితే కొత్త వేళ కనబడాలె.

యూపీఎస్ విషయం. లేజర్ ప్రింటర్‌ను బ్యాటరీ సాకెట్‌లో పెట్టి ఉంటే తీసెయ్యి. దాని ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు 600 వీఏ యూపీఎస్ ఆ క్షణమే పడిపోతది. సీపీయూ, మానిటర్ రెండే ఉంచి, పని లేనప్పుడు ఫైళ్లన్నీ సేవ్ చేసి ప్లగ్ పీకి చూడు. రెండు నిమిషాలు కూడ ఆగకపోతే లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పోయినట్టే, అదొక్కటి మార్చిస్తే చాలు, కొత్త యూపీఎస్ అక్కరలేదు.