టెన్షన్ వల్లే గర్భం రావట్లేదా?

ప్రశ్న:
14 నెలలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నాకు 31, ఆయనకు 34. ప్రతి నెలా టెస్ట్ స్ట్రిప్‌ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, రెండో గీత లీలగానైనా ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తాను. ఉండదు. "టెన్షన్ పడకు, అదే వస్తుంది" అంటారు ఇంట్లో. ఆ మాటతో భయం ఇంకా పెరిగింది. ఏడుపొచ్చినా ఆ నెల నేనే చెడగొట్టుకున్నానేమో అనిపిస్తోంది. నిజంగా నా టెన్షనే కారణమా?

జవాబు:
కాదమ్మా, ముందు ఆ భారం దించేయండి. రెండేళ్ళు నేనూ ఇదే మాట విన్నాను. తీరా పరీక్ష చేస్తే అండాశయం నుంచి గర్భసంచికి అండం వచ్చే నా రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉన్నాయి. ప్రశాంతంగా కూర్చుంటే తెరుచుకునేవి కావవి.

ఒత్తిడికి అసలు సంబంధమే లేదనను. బాగా ఎక్కువైతే మెదడు నుంచి అండాశయాలకు అందే హార్మోన్ల సంకేతాలు తగ్గి, అండం ఆలస్యంగా విడుదల కావచ్చు, ఒక్కోసారి ఆ నెల విడుదలే కాకపోవచ్చు. అప్పుడు పీరియడ్ తేదీ జరుగుతుంది. మీకు తేదీలు సరిగ్గా వస్తున్నాయా? ఇంకో సంగతి. 2011లో 14 అధ్యయనాల్లోని 3,583 మంది స్త్రీల వివరాలు కలిపి చూస్తే, ల్యాబ్‌లో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపే ఐవీఎఫ్‌కి ముందు పడ్డ ఆందోళనకూ గర్భం రావడానికీ సంబంధం కనిపించలేదు. మా డాక్టరమ్మ అది చెప్పిన రోజు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

మరో జవాబు:
మా ఇంట్లో టెన్షన్ దెబ్బ భర్తనైన నా మీద పడింది. అండం విడుదలయ్యే రోజు చెప్పే యాప్ మోగిన రోజే కలవాలి అనేసరికి నావల్ల అయ్యేది కాదు. తర్వాత రెండు రోజులు మా మధ్య మాటలుండేవి కావు. అవకాశం ఒక్క రోజే కాదనీ, అండం విడుదలయ్యే రోజూ దానికి ముందు 5 రోజులూ ఉంటుందనీ తెలిశాక యాప్ తీసేశాం. రోజు విడిచి రోజు అనుకున్నాక తేలికపడ్డాం. మీవారికి సెమెన్ టెస్ట్ (వీర్య పరీక్ష) చేయించారా?

ప్రశ్న అడిగినవారు:
లేదండీ. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. నాకు 29 రోజులకు పీరియడ్ వచ్చేస్తుంది.

మొదటి జవాబు రాసినవారు:
తేదీలు అంత సరిగ్గా ఉన్నాయంటే చాలావరకు అండం విడుదలవుతున్నట్టే. 35 లోపు వాళ్ళయితే ఏడాది చూసి పరీక్షలకు వెళ్ళమంటారు, మీకు అదీ దాటింది. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆయన రిపోర్టులో తేడా వచ్చినా కంగారు పడొద్దు, మళ్ళీ చేయిస్తారు. ఏడుపొస్తే ఏడవండి, నెల చెడిపోదు. పోయిన ఆరు నెలల పీరియడ్ తేదీలు కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, డాక్టర్ ముందు అడిగేది అవే.