అద్దె కార్లు, పిలిస్తే వచ్చే కార్లు ఉండగా సొంత కారు ఇంకా అవసరమా?

పాదచారి:
సొంత కారు 95 శాతం సమయం కదలకుండా నిలబడే ఉంటుందని రవాణా నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నిలబడి ఉన్నదానికే వాయిదాలు, బీమా, సర్వీసింగు, పార్కింగు చోటు! గంటల లెక్కన అద్దెకు దొరుకుతున్నప్పుడు, ఫోనులో పిలిస్తే గుమ్మం ముందుకు వస్తున్నప్పుడు కొనడం దేనికి?

లెక్కలమాస్టారు:
పాదచారి గారూ, తిరకాసంతా ఆ 95 శాతంలోనే ఉంది. కార్లు ఎక్కువగా ఖాళీగా ఉండేది రాత్రిపూట. పొద్దున ఆఫీసు వేళకు మాత్రం అందరికీ ఒక్కసారే కావాలి. ఎన్ని కార్లు ఉండాలో తేల్చేది ఆ రద్దీ గంటే, రోజంతటి సగటు కాదు. పైగా పిలిస్తే వచ్చే కారు ఒకరిని దింపి మరొకరిని ఎక్కించుకునేదాకా ఖాళీగా తిరుగుతుంది. పార్కింగు చోటు మిగులుతుంది సరే, ఆ కారు కాస్తా రోడ్డు మీదికి చేరుతుంది.

జోస్యాల సంగతీ చూశాం. 2025కల్లా అమెరికా పెద్ద నగరాల్లో సొంత కార్లు దాదాపు అంతరిస్తాయని, ఫోనులో పిలిస్తే కారు పంపే అమెరికా కంపెనీ లిఫ్ట్ సహవ్యవస్థాపకుడు జాన్ జిమ్మర్ 2016లో అన్నారు. ఆ ఏడు రానూ వచ్చింది, పోనూ పోయింది. పారిస్‌లో 2011లో ఆర్భాటంగా మొదలైన విద్యుత్ అద్దె కార్ల సేవ ఆటోలిబ్, నష్టం ఎవరు భరించాలన్న పేచీతో 2018లో మూతపడింది.

వెనకసీటు:
ఓడినవాటినే ఏరుకుంటే ఎలాగండీ? స్విట్జర్లాండ్‌లో మొబిలిటీ అనే అద్దె కార్ల సంస్థ ఉంది కదా. 1987లో పుట్టిన రెండు సహకార సంఘాలు 1997లో కలిసి అలా ఏర్పడ్డాయి. ఇప్పటికీ నడుస్తోంది.

లెక్కలమాస్టారు:
మంచి ఉదాహరణే, కానీ నా వైపుకే పనికొస్తుంది. అక్కడ రైలు చెప్పిన వేళకు వస్తుంది. దిగితే చాలా స్టేషన్లలో ఈ కార్లు సిద్ధంగా ఉంటాయి. సొంత కారును మాన్పించింది ప్రధానంగా రైలు. అద్దె కారు ఆ మిగిలిన కాస్త దూరానికి.

పిల్లలతల్లి:
మీరందరూ కారంటే ప్రయాణం ఒక్కటే అనుకుంటున్నారు. నాకది సగం అలమర. వెనక బెల్టుతో బిగించిన పిల్లల సీటు, డిక్కీలో మడిచిన తోపుడుబండి, ఒక జత బట్టలు ఎప్పుడూ అందులోనే ఉంటాయి. పిలిచిన కారులో ఆ సీటు బిగిస్తుంటే డ్రైవరు గడియారం వంక చూస్తాడు. దిగాక దాన్ని చంకనపెట్టుకుని ఎక్కడికి వెళ్ళను?

పాదచారి:
సరే తల్లీ, మీ కారు జోలికి రాను. ఒకే ఇంట్లో రెండో కారు మాటేమిటి?

లెక్కలమాస్టారు:
రెండోది నిక్షేపంగా అమ్మేయండి, అక్కడ నాకు పేచీ లేదు. బస్సో రైలో దగ్గరగా ఉండి, రోజూ ఒకే దారిన వెళ్ళొచ్చే ఒంటరివాళ్ళయితే మొదటిదీ అక్కర్లేదు. మిగతావాళ్ళు మాత్రం అమ్మేముందు, వాన కురిసే సాయంత్రం ఆ యాప్ ఎంత చార్జీ చూపిస్తుందో ఒకసారి చూసుకోవాలి.