పూతరేకుల ఆర్డర్లు ఎక్కడ ఆగుతున్నాయి?

ప్రశ్న: ఆత్రేయపురంలో మాది చిన్న పూతరేకుల తయారీ. పండగలొస్తే ఆర్డర్లు పేరుకుపోతున్నాయి. రేకులు తీసే కుండలు ఇంకో రెండు పెడదామని అన్నయ్య పట్టుబడుతున్నారు. పెట్టమంటారా?

రావులపాలెం నుంచి: తొందరపడకండి. సరుకు ఎక్కడ గుట్టపడుతోందో ముందు చూడండి. తీసిన రేకులు చుట్టేవారి పక్కన పేరుకుంటే ఇరుకు అక్కడే. అప్పుడు కుండలు పెంచితే విరిగే రేకులే పెరుగుతాయి. తడిగుడ్డతో రేకు మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడిచే మనిషి మధ్యలో అట్టపెట్టెల కోసం లేస్తున్నారా? ఆ లేవడం మాన్పించండి. పైసా ఖర్చు లేదు.

అమలాపురం నుంచి: 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా పరిశోధకుడు నిరూపించిన సూత్రం ఉంది. పెండింగు పెట్టెలను రోజువారీ ఉత్పత్తితో భాగిస్తే వేచి ఉండాల్సిన రోజులొస్తాయి. 600 పెట్టెలు ఆగి, రోజుకు 100 పూర్తయితే ఆరు రోజులు. ఫోనులో ‘రేపే పంపుతాం’ అనడం ఎందుకండీ?

ప్రశ్న అడిగినవారు: చూశానండి, గుట్ట చుట్టేచోటే ఉంది. కుండలు వద్దనుకున్నాం. పెట్టెలు అందించడానికి మేనల్లుడిని కూర్చోబెట్టాం. వాడి గొణుగుడు వేరే సంగతి.