ఆగస్టులో నర్సింగ్ క్లాసులు మొదలు: ఈ వేసవిలో ఏమి చదువుకోవాలి?

బీకాం నర్సు:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో, డాలస్‌కు కాస్త ఉత్తరాన ఉంటాం. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్ అసోసియేట్ డిగ్రీలో నాకు సీటు వచ్చింది. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలవుతాయి.

నా వయసు 39. ఎప్పుడో బీకాం చదివి, పెళ్లయ్యేదాకా ఒక సహకార బ్యాంకులో లెడ్జర్లు రాశాను. డెబిట్, క్రెడిట్ తప్ప సైన్సు మొహం ఎరగను. గ్రీన్ కార్డు వచ్చాక అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలూ, మైక్రోబయాలజీ ఒక్కొక్కటిగా ఇక్కడే పూర్తి చేసి, హెసీ ప్రవేశ పరీక్ష రాశాను. "ఈ వయసులో పరీక్షలేమిటమ్మా" అని అత్తగారు సాగదీస్తూనే ఉంటారు. అయినా నేను పుస్తకం తెరిస్తే పిల్లల్ని పక్క గదిలోకి లాక్కుపోయేది కూడా ఆవిడే.

ఈ వేసవికి ఒక టైం టేబుల్ వేసుకున్నాను. అనాటమీ పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలని, రోజుకు కొన్ని మందుల పేర్లు కంఠస్థం చేయాలని. రంగు పెన్నులతో గీశాను. చూసి మావారు "ఆడిట్‌కు సిద్ధమవుతున్నావా?" అన్నారు. ఈ పద్ధతి సరైనదేనా? లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ప్రశ్నల పుస్తకం ఇప్పుడే కొనాలా? మొదటి వారాల్లోనే మందుల మోతాదు లెక్కల పరీక్ష ఉంటుందని, అందులో 90 శాతం రావాలని విన్నాను. అది ఎలా ఉంటుంది?

కాలేజీ వాళ్లు టీకాలు, తనిఖీలు అంటూ పెద్ద జాబితా పంపారు. అది కాగితాల పనే కదా, ఆగస్టులో మా డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఒకేసారి చూసుకుందామనుకుంటున్నాను. చదువు గురించి చెప్పండి.

రాత్రి షిఫ్టు:

అభినందనలు. నేను కూడా కమ్యూనిటీ కాలేజీలోనే చదివి, ఇప్పుడు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. ముందు ఆ రంగు పెన్నులు పక్కన పెట్టి, కాలేజీ పంపిన జాబితా తీయండి. "ఆగస్టులో చూసుకుందాం" అన్న మాట దగ్గరే నాకు గుండె ఆగినంత పనైంది. అనాటమీ మరిచిపోయారని ఎవరూ సీటు తీసేయరు. టీకాల కాగితం లేకపోతే మాత్రం క్లినికల్స్‌కు, అంటే ఆస్పత్రిలో రోగుల దగ్గర చేసే శిక్షణకు, పంపరు. క్లినికల్స్ లేకపోతే ఆ సెమిస్టరే లేదు.

అన్నిటికంటే ముందు హెపటైటిస్ బి. టెక్సస్‌లో రోగులను తాకే పని మొదలుపెట్టే ముందే విద్యార్థులు ఈ టీకా డోసులన్నీ పూర్తి చేసి ఉండాలి, లేదా రక్షణ ఉందని రక్తపరీక్షలో తేలాలి. మామూలు మూడు డోసుల పద్ధతికి ఆరు నెలలు పడుతుంది. మీకు అంత సమయం లేదు. నెల తేడాతో రెండే డోసులతో ముగిసే హెప్లిసావ్ బి అనే టీకా పెద్దవాళ్లకు ఉంది. దాని గురించి డాక్టర్‌ను అడగండి. అంతకంటే ముందు యాంటీబాడీల పరీక్ష చేయించుకోండి. ఎప్పుడో వేయించుకుని ఉంటే ఈ గొడవే ఉండదు.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ విషయంలోనూ అంతే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందని మనం చెబితే నమ్మరు. మన ఊరి డాక్టర్ రాసిన చీటీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? అందుకే అన్నిటికీ ఒకేసారి రక్తం ఇచ్చేయండి. రక్షణ లేదని వస్తే రెండేసి డోసులు వేయించుకోవాలి, వాటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఇప్పుడు జూన్. లెక్క మీరే వేసుకోండి, బ్యాంకులో పనిచేశారు కదా.

టీబీ పరీక్ష గురించి మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మనలో చాలామందికి భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది. ఆ టీకా వల్ల చర్మంపై చేసే టీబీ పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. ఆ తర్వాత ఛాతీ ఎక్స్‌రే, సంజాయిషీలు, ఇంకో డాక్టర్. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్షకు బీసీజీతో పేచీ లేదు. కాలేజీ ఒప్పుకుంటే అదే చేయించుకోండి. తట్టు, ఆటలమ్మ టీకాలు వేయించుకోవాల్సి వస్తే, టీబీ పరీక్షకు రక్తం ఆ టీకాల కంటే ముందే గానీ, అదే రోజున గానీ ఇవ్వండి. టీకా వేయించుకున్న మర్నాడు గుర్తొస్తే నాలుగు వారాలు ఆగాల్సిందే.

గుండె ఆగిన మనిషికి చేసే ప్రథమ చికిత్స, అంటే సీపీఆర్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ల బీఎల్‌ఎస్ కోర్సులో బొమ్మ మీద చేసి చూపించే భాగం తప్పకుండా ఉండేలా చూసుకోండి. వీడియో చూసి తెచ్చుకునే సర్టిఫికెట్లు సాధారణంగా చెల్లవు. ఈ సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. ఇక నర్సింగ్ బోర్డు వేలిముద్రల తనిఖీ ఉంటుంది, పిలుపు రాగానే వెళ్లి ఇచ్చి రండి.

మూత్ర పరీక్ష కూడా ఉంటుంది, మాదకద్రవ్యాల కోసం. నవ్వకండి, గసగసాలు మానేయండి. గసగసాల మీద మార్ఫిన్ ఆనవాళ్లు ఉండి ఆ పరీక్షలో బయటపడగలవు. 2023లో ఇక్కడి రక్షణ శాఖ సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది కూడా. పరీక్ష అయ్యేదాకా మీ అత్తగారి కుర్మాకు దూరంగా ఉండండి.

పాత పంతులమ్మ:

ఇక్కడికి రాకముందు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు నర్సును. మోతాదు లెక్కల సంగతి నేను చెబుతాను.

బీకాం చదివారు కనుక గుణకారం, భాగహారం గురించి బెంగ లేదు. మీకున్న ప్రమాదం వేరే. బ్యాంకులో అయిదు రూపాయలను 5.00 అని రాయకపోతే తప్పు. మందుల విషయంలో 5 మిల్లీగ్రాములను 5.0 అని రాస్తేనే తప్పు. చుక్క మసకబారితే అది 50 అయిపోతుంది. అలాగే అర మిల్లీగ్రామును .5 అని రాయకూడదు, ముందు సున్నా పెట్టి 0.5 అనే రాయాలి. ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నిషిద్ధ రాతల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. లెడ్జర్ చేసిన అలవాటు వేళ్లలో ఉంటుంది, దాన్ని ఇప్పటి నుంచే మార్చుకోండి.

లెక్కలు ఇలా ఉంటాయి. డాక్టర్ 0.25 మిల్లీగ్రాములు ఇమ్మన్నారు. చేతిలో ఉన్న మాత్ర 125 మైక్రోగ్రాములది. ఒక మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు కనుక 0.25 అంటే 250, అంటే రెండు మాత్రలు. ఇంకోటి: రోగి బరువు 176 పౌండ్లు, కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. 2.2తో భాగిస్తే 80 కిలోలు, కాబట్టి 400 మిల్లీగ్రాములు. ఇక్కడ మనుషుల బరువు పౌండ్లలో, మందు కిలోల్లో. పరీక్షలో సగం మంది జారిపడేది ఈ మెట్టు మీదేనని నా అనుమానం. సెలైన్ లెక్క చూడండి: 1000 మిల్లీలీటర్లు 8 గంటల్లో ఎక్కాలి, ఆ గొట్టంలో మిల్లీలీటరుకు 15 చుక్కలు. 8 గంటలంటే 480 నిమిషాలు. 15,000ను 480తో భాగిస్తే 31.25. చుక్కను పావుచేయలేం కనుక నిమిషానికి 31.

సూత్రాలు బట్టీ పట్టకండి. ప్రతి అంకె పక్కన దాని కొలమానం రాసి, పైనా కిందా ఉన్నవి కొట్టేస్తూ వెళ్లండి. చివరికి మీకు కావలసిన కొలమానం ఒక్కటే మిగలాలి. వేరేది మిగిలితే లెక్క తలకిందులైనట్టే. జవాబు వచ్చాక ఒకసారి ఆగండి. ఒక్క పూటకు పన్నెండు మాత్రలు మింగించమని వస్తే, రోగిని కాదు, మీ లెక్కను అనుమానించాలి. దశాంశాలను ఎక్కడ సవరించాలో ప్రతి కాలేజీకి ఒక నియమం ఉంటుంది, అది సిలబస్‌లో చూసుకోండి.

మూడో సెమిస్టర్:

అక్కా, నేను ఇంకా చదువుతున్నదాన్నే. రాత్రి షిఫ్టు గారు చెప్పినవన్నీ నిజమే కానీ, పుస్తకం పూర్తిగా మూసేయమంటే ఒప్పుకోను. అనాటమీ మొదటి పేజీ నుంచి వద్దు. ఎముకల పేర్లు ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. గుండెలో రక్తం ఎటు వెళ్తుందో, మూత్రపిండం ఏమి వడకడుతుందో, ఊపిరితిత్తుల్లో వాయువులు ఎలా మారతాయో, ఈ మూడూ బాగా చూసుకోండి. సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5, ఇలాంటి అంకెలు నోటికి వచ్చేయాలి. పొటాషియం అటూ ఇటూ అయితే గుండె లయ ఎందుకు తప్పుతుందో చెప్పగలిగితే మొదటి సెమిస్టర్‌లో సగం భయం పోతుంది. మందుల పేర్లు ఒక్కొక్కటీ వద్దు, తోకలు చూడండి. "లాల్"తో ముగిసేవి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, "ప్రిల్"తో ముగిసేవి బీపీకి వాడే ఏస్ ఇన్‌హిబిటర్లు. ఇప్పటికి అంత చాలు.

అసలు దెబ్బ తగిలేది ప్రశ్నల తీరులో. మనం పెరిగిన చదువులో ఒకటి ఒప్పు, మూడు తప్పు. ఇక్కడ నాలుగూ ఒప్పే, అందులో ముందు చేయాల్సింది ఏదని అడుగుతారు. నలుగురు రోగులున్నారనుకోండి. ఒకరికి ఆపరేషన్ తర్వాత నొప్పి పదికి ఎనిమిది. ఒకరికి చక్కెర 180. ఒకరు ఇంటికి వెళ్లడానికి కాగితాల కోసం చూస్తున్నారు. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న ఇంకొకరు ఇప్పుడు మంచం మీద కుదురుగా ఉండలేక దుప్పటి లాగేస్తున్నారు. ఎవరి దగ్గరకు ముందు వెళ్తారు? నేను నొప్పి ఉన్న మనిషి అన్నాను, జాలి వేసి. జవాబు నాలుగో మనిషి. ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు మొదట కనిపించే గుర్తుల్లో ఆ అస్థిమితం ఒకటి. శ్వాస మార్గం, శ్వాస, రక్త ప్రసరణ, ఆ తర్వాతే మిగతావి.

ఎన్‌క్లెక్స్ పుస్తకం ఇప్పుడే వద్దక్కా. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరీక్ష తీరు మారింది, ఒకే రోగి కథ మీద వరుసగా ప్రశ్నలు వస్తాయి. పాత ముద్రణ చవకగా దొరికిందని కొంటే ఆ తరహా ప్రశ్నలు అందులో ఉండవు. మొదలయ్యాక కాలేజీయే ఏదో ఒకటి కొనిపిస్తుంది, ఎలాగూ ఫీజులో కలిపేస్తారు.

బీకాం నర్సు:

అందరికీ చాలా థాంక్స్. ఈ ఉదయమే రక్తం ఇచ్చి వచ్చాను, టీబీ పరీక్షతో సహా. గసగసాల డబ్బా అత్తగారే అటక మీద పెట్టేశారు, అదీ నిషిద్ధ వస్తువు అన్నంత గంభీరంగా.

ఇంకో రెండు సంగతులు. మా తోడికోడలు "రెండేళ్ల డిగ్రీతో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, నాలుగేళ్లది చదవాల్సింది" అంటోంది. ఇక రెండోది అడగడానికి కొంచెం బిడియంగా ఉంది. నేను పరాయి మగవాళ్ల చేయి పట్టుకుని కూడా ఎరగను. క్లినికల్స్ మొదట్లోనే రోగులకు స్నానం చేయించాలంటున్నారు. అది ఎలా?

రాత్రి షిఫ్టు:

రక్తం ఇచ్చేశారు కదా, ఇక నాకు నిద్ర పడుతుంది.

మీ తోడికోడలి మాటలో పావు వంతు నిజం ఉంది. కొన్ని పెద్ద ఆస్పత్రులు నాలుగేళ్ల బీఎస్‌ఎన్ ఉన్నవాళ్లకే మొగ్గు చూపుతాయి. కానీ రెండేళ్ల వాళ్లూ నాలుగేళ్ల వాళ్లూ రాసేది ఒకే ఎన్‌క్లెక్స్, వచ్చేది ఒకే ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు. ఉద్యోగంలో చేరాక ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ పూర్తి చేయవచ్చు, ఆ ఫీజులో కొంత భరించే ఆస్పత్రులు కూడా ఉన్నాయి. మీ కాలేజీకి టెక్సస్ నర్సింగ్ బోర్డు ఆమోదం, ఏసెన్ వంటి జాతీయ సంస్థ గుర్తింపు ఉన్నాయా అన్నది మాత్రం చూసుకోండి, పై చదువుకు అది పనికొస్తుంది.

స్నానం గురించి. సిగ్గు మీకే కాదు, మంచం మీద ఉన్న మనిషికి మీకంటే ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి గుర్తుంటే మన సిగ్గు పక్కకు జరుగుతుంది. పద్ధతి కూడా అలాగే నేర్పిస్తారు. తలుపు వేసి తెర లాగాలి. చేయబోయేది ముందుగా చెప్పి, అనుమతి అడగాలి. ఒంటి మీద దుప్పటి ఉంచి, కడుగుతున్న భాగం మాత్రమే బయటకు తీసి, తుడిచి, మళ్లీ కప్పేయాలి. కళ్ల నుంచి మొదలుపెడతాం, మలద్వారం వైపు చివర్లో. చేతులు ఆడించగలిగిన వాళ్లకు గుడ్డ అందించి, మర్మాంగాలు వాళ్లనే కడుక్కోమంటాం. మాట తగ్గించకండి. మనం మౌనంగా ఉంటేనే అవతలివాళ్లకు ఇబ్బంది.

నిజానికి స్నానం చేయించేటప్పుడే చాలా సంగతులు బయటపడతాయి. పిరుదుల దగ్గర, మడమల మీద ఎర్రబారిన చర్మం ఉంటే వేలితో నొక్కి చూడండి. తెల్లబడకపోతే అక్కడ పుండు మొదలవుతోందన్నమాట. నల్లటి, చామనచాయ చర్మం మీద ఎరుపు కనిపించదు, వేడిగా ఉందా గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. ఈ ముక్క మీ ఇన్‌స్ట్రక్టర్ తప్పకుండా అడుగుతారు.

ఈ వేసవిలో వీలైతే దగ్గర్లోని వృద్ధుల కేంద్రంలో వారానికి ఒక పూట స్వచ్ఛందంగా వెళ్లండి. వాళ్లు మిమ్మల్ని స్నానాలు చేయించనివ్వరు. కానీ చెవులు సరిగా వినబడని అమెరికన్ తాతగారితో గట్టిగా, నెమ్మదిగా మాట్లాడటం అలవాటవుతుంది. ఫోన్లో డాక్టర్లకు రోగి పరిస్థితి చెప్పేటప్పుడు మన ఉచ్చారణతో మనం పడే తిప్పలకు అంతకంటే మంచి సాధన లేదు.

బీకాం నర్సు:

రెండు వీధుల అవతలే అలాంటి కేంద్రం ఉంది. రేపు ఫోన్ చేస్తాను. స్టెతస్కోప్, బూట్లు ఇప్పుడే కొననా?

మూడో సెమిస్టర్:

ఆగండక్కా. మా బ్యాచ్‌లో ముందే కొన్నవాళ్ల స్క్రబ్స్, అంటే నర్సింగ్ యూనిఫాం, రంగు కాలేజీ రంగుతో కలవలేదు. ఓరియెంటేషన్ రోజున జాబితా ఇస్తారు. సెకన్ల ముల్లు ఉన్న చేతిగడియారం ఒక్కటి కొనుక్కోండి, నాడి లెక్కపెట్టడానికి. చాలా చోట్ల స్మార్ట్ వాచీలను రానివ్వరు.