డైరీ రాస్తే మనసు తేలికవుతుందా, ఇంకా బరువెక్కుతుందా?

నైట్‌షిఫ్ట్_వాసి
మా ఆఫీసుకి ఒక కోచ్ వచ్చి, రోజూ పడుకునే ముందు మనసులో ఉన్నదంతా రాసేయండి, టెన్షన్ పోతుందన్నాడు. రాస్తున్నా. మేనేజర్ మీద కోపం తగ్గకపోగా రాసేకొద్దీ ముదురుతోంది, నిద్ర కూడా పోయింది. ఇదంతా ఫ్యాషనే అంటాను. కాదనేవాళ్లు ఉంటే చెప్పండి.

మూడోబెంచి
నేను కాదంటాను. అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయించారు, 1986లో అచ్చయింది. కొందరికి మామూలు విషయాలిచ్చారు, మిగతావాళ్లని తమను బాగా కుదిపేసిన సంఘటన గురించి రాయమన్నారు. ఆ బాధ రాసినవాళ్లకి అప్పటికప్పుడు మనసు ఇంకా పాడైంది. కానీ వాళ్లలో జరిగిందీ, అప్పుడు తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాసిన రాత్రే లెక్క తేల్చకండి.

నైట్‌షిఫ్ట్_వాసి
నాలుగు రోజులే కదన్నా! మా కోచ్ రోజూ అన్నాడు, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు.

శాంతక్క
అసలు తేడా అక్కడే ఉంది తమ్ముడూ. ఆ ప్రయోగానికి ఒక గడువుంది. రోజూ అదే మేనేజరు, అదే తిట్టు రాస్తుంటే అది రాయడం కాదు, నెమరేయడం. అమెరికాలోని అరిజోనాలో డేవిడ్ స్బారా అనే సైకాలజిస్టు బృందం అప్పుడే విడిపోయిన భార్యాభర్తలతో ఇలాగే రాయించింది, 2013లో అచ్చయింది. జరిగినదాన్ని పదే పదే తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లలో, గుండెలోది కక్కినవాళ్లకంటే ఆ రోజు చేసిన పనులు పొడిగా రాసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. పాలవాడికి డబ్బులిచ్చాను, బండి సర్వీసింగ్‌కి ఇచ్చాను... ఆ మాదిరి రాతలన్నమాట! నువ్వు ఆ తవ్వుకునే రకమేమో చూసుకో.

పాత_పోస్ట్‌మాన్
ఈ కాగితాల గోల ఎందుకు బాబూ? సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చుని మాట్లాడితే పోయేదానికి.

కోడలుపిల్ల
బాబాయ్ గారూ, ఆ అరుగు మీద మీరు కూర్చుంటారు, నేను కూర్చోలేను. మా అత్తగారి గురించి నేను ఏ నలుగురితో చెప్పుకోవాలి? సాయంత్రానికి అది ఆవిడ చెవిలో పడుతుంది. పోనీ రాద్దామంటే మా ఇంట్లో బీరువా తాళం ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. ఎవరి కంటపడుతుందోనని భయపడుతూ రాసేదాంట్లో నిజమేం ఉంటుంది? నేను రాసి, చదివి, చింపి పొయ్యిలో వేస్తాను. నాకు పనిచేస్తోంది. దాచుకుంటేనే డైరీ అని ఎవరన్నారు?

పాత_పోస్ట్‌మాన్
అదీ నిజమేలే అమ్మా. మగాళ్ల అరుగు అది.

మూడోబెంచి
చింపెయ్యడం మంచి పద్ధతే. శాంతక్క చెప్పినదానికి ఇంకొకటి కలుపుతా: 2006లో ఫ్రాటరోలి అనే ఆవిడ 146 అధ్యయనాలను కలిపి చూస్తే, రాయడం వల్ల లాభం ఉందని తేలింది, కానీ అది చాలా చిన్నది. కోచ్‌లు ఈ రెండో ముక్క మింగేస్తారు.

నైట్‌షిఫ్ట్_వాసి
అయితే ఏం చెయ్యమంటారు? మానెయ్యనా?

శాంతక్క
రాత్రిపూట మానెయ్. రాయాలనిపిస్తే పగలు, టైమర్ పెట్టుకుని పావుగంట. "వాడు ఇలా అన్నాడు" దగ్గర ఆగిపోకుండా నాకేమనిపించింది, అదే నిజమనడానికి ఆధారమేంటి, రేపు నేను చేయగలిగింది ఏంటి, అంతవరకూ వెళ్లు. ముందుకు కదలకపోతే పెన్ను మూసెయ్. నిద్ర లేకపోవడం ఇలాగే కొనసాగితే మాత్రం రాతతో సరిపెట్టుకోకు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ఉంది, టెలీ మానస్, 14416కి ఫోన్ చెయ్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నైట్‌షిఫ్ట్_వాసి
పాత పేజీలు తిరగేశానక్కా. ప్రతి పేజీలోనూ షిఫ్ట్ గొడవే, కానీ మార్చమని నేను ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు. సోమవారం అడుగుతాను. ఫ్యాషన్ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఆ కోచ్ చెప్పిన పద్ధతి ఫ్యాషనే.