పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు: సామెతలో నెల సరిగ్గానే ఉందా?

ఆదోని నుంచి ప్రశ్న:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. చలికాలం రాగానే మా ఇంట్లో ఈ మాటలు జంటగా వినిపిస్తాయి. "మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు." రెండోది మరీ గట్టిగా ఉంది, ఒక్క పూసను దారానికి ఎక్కించేంత పొద్దు కూడా లేదట. అయితే పగలు అన్నిటికంటే తగ్గేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. చాలా ఏళ్లు అది మార్గశిరంలోనే పడుతుంది. పుష్యం నడుమకు వచ్చేసరికి పగలు పెరుగుతూ ఉంటుంది కదా. మరి పుష్యానికే ఎందుకు అంత లోటు కట్టారు? అక్షరం కలిసిందనేనా?

కడప నుంచి:
అక్షరం కోసమే అన్నా. మార్గశిరానికి మాట, పుష్యానికి పూస. సామెతలో పంచాంగం లెక్కలు వెతకకూడదు.

అనంతపురం నుంచి:
కడప అన్న మాటలో సగం ఒప్పుకుంటా. పూస అనే వస్తువు అక్షరం కోసమే వచ్చి ఉంటుంది. నెల మాత్రం గాలికి పెట్టింది కాదని నా నమ్మకం. మన అక్షాంశానికి లెక్క కట్టి చూడండి.

అనంతపురంలో పొద్దు అన్నిటికంటే ముందుగా మునిగేది డిసెంబర్‌లో కాదు, నవంబర్ చివరి పది రోజుల్లో, సుమారు 5:47కి. డిసెంబర్ 21న ఉదయం 6:40 ప్రాంతంలో పుట్టి సాయంత్రం 5:55కి మునుగుతుంది. జనవరి 15కి వచ్చేసరికి సాయంత్రం 6:10 దాకా వెలుతురు ఉంటుంది, కానీ పొద్దు పుట్టేది 6:48కి. ఇంకో వారం దాకా ఉదయాలు అలాగే వెనక్కి జరుగుతాయి. అంటే డిసెంబర్ 21 నుంచి సంక్రాంతికి సాయంత్రం పావుగంట దాకా పెరిగింది, ఉదయం మాత్రం ఏడెనిమిది నిమిషాలు తగ్గింది. మొత్తం మీద పగలు పెరిగింది ఆరేడు నిమిషాలే.

ఇప్పుడు సామెత చెప్పినవాళ్లను తలుచుకోండి. వాళ్ల పనంతా తెల్లవారుజామునే మొదలయ్యేది. కర్నూలు నల్లరేగడిలో శనగ కోతకు మంచు పదును మీదే పోవాలి, ఎండ ఎక్కితే కాయ రాలిపోతుంది. అలాంటి మనిషికి ఏడాదిలో అన్నిటికంటే ఆలస్యంగా తెల్లారేది చాలా ఏళ్లు పుష్యంలోనే. పొద్దు చాలడం లేదని ఆ నెలలో అనిపించడం కళ్లారా చూసిన సంగతే.

కడప నుంచి:
ఉదయం ఒక తేదీన, సాయంత్రం ఇంకో తేదీన ఎందుకు మారతాయి? పగలు తగ్గితే రెండు వైపులా సమానంగా తగ్గాలి కదా?

అనంతపురం నుంచి:
మంచి ప్రశ్న అన్నా. పగలు తగ్గడానికి కారణం భూమి అక్షం వంపు. భూమి తన దారికి నిటారుగా లేదు, సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఏడాది పొడుగునా ఆ వాలు ఒకే దిక్కుకు, ధ్రువ నక్షత్రం వైపుకు ఉంటుంది. డిసెంబర్‌లో ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వాలుతుంది. పొద్దు ఆగ్నేయం వైపు జరిగి పుడుతుంది, తక్కువ ఎత్తులో నడిచి తొందరగా దిగుతుంది. అనంతపురంలో ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తుకు మించడు.

దీంతో పాటు ఇంకోటి జరుగుతుంది. మన గడియారం రోజుకు సరిగ్గా 24 గంటలు నడుస్తుంది. ఒక మిట్టమధ్యాహ్నం నుంచి మరుసటి మిట్టమధ్యాహ్నానికి పట్టే కాలం మాత్రం డిసెంబర్ చివర 24 గంటల కంటే అర నిమిషం ఎక్కువ. అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా పోతుంది, అక్షం వంపు కూడా అటే తోడవుతుంది. అందుకే నడిపొద్దు రోజుకు అర నిమిషం చొప్పున వెనక్కి జరుగుతూ ఉదయాన్ని, సాయంత్రాన్ని రెండింటినీ తనతో లాక్కుపోతుంది.

కర్నూలు నుంచి:
ఆగండి సార్. జనవరిలో సూర్యుడికి దగ్గరగా ఉంటామా? మరి చలి ఎందుకు? నేను ఇన్నాళ్లూ దూరంగా ఉంటామనే అనుకున్నా.

అనంతపురం నుంచి:
దగ్గరే అక్కా. జనవరి మొదటి వారంలో సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.2 కోట్లు. కాలాలను నడిపేది దూరం అయితే జనవరిలో భూమంతా వేసవి కావాలి. వాలుగా పడే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది, పైగా పగలు కూడా పొట్టి. చలికి ఆ రెండూ చాలు. మన సీమలో ఏప్రిల్ చివర, మే మొదట్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూన్ 21న పగలు 13 గంటలు, కానీ ఆ మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ముంగిట్లో కర్ర నాటి చూడండి, నీడ దక్షిణానికి పడుతుంది.

ప్రొద్దుటూరు నుంచి:
మనకు పొట్టి పగలుకూ పొడుగు పగలుకూ తేడా గంటా ముప్పావే. లండన్‌లో డిసెంబర్ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, జూన్‌లో పదహారున్నర దాటుతుంది. ఇంత చిన్న తేడాను పట్టుకుని సామెత కట్టారంటే మనవాళ్ల చూపు ఎంత పదునో! దీపం నూనె లెక్క చూసుకునే ఇళ్లలో పదిహేను నిమిషాలు చిన్నవి కావులెండి.

ఆదోని నుంచి:
ఇప్పుడు కుదిరింది. నేను పగలు మొత్తాన్నే చూశాను. ఇంకో మాట కూడా చేర్చుకోవాలి. చంద్రుడి నెలలు ఏటా ఒకే తేదీకి రావు. 2025లో డిసెంబర్ 21 పుష్య శుద్ధ పాడ్యమి, అంటే ఆ ఏడు పొట్టి పగలు కూడా పుష్యంలోనే పడింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో నెలలన్నీ వెనక్కి జరిగి డిసెంబర్ 22 మార్గశిరం నడుమ పడుతుంది. ఆ ఏడు పుష్యం జనవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది, ఆలస్యంగా తెల్లారే రోజులన్నీ దాని కిందికే వస్తాయి.