తూలడం తగ్గడానికి బ్యాలెన్స్ బోర్డు ఆటలు పనికివస్తాయా?

ప్రశ్న:
మా నాన్నగారికి 74 ఏళ్లు. పక్షవాతం నుంచి చాలావరకు కోలుకున్నారు గాని, నడుస్తూ పక్కకు తిరిగేటప్పుడు ఎడమవైపుకు తూలుతున్నారు. పలకపై నిలబెట్టి, తెరపై బొమ్మను చూస్తూ అటూ ఇటూ ఒరిగే ఆటలు ఆడించే కేంద్రం ఒకటి మా ఊళ్లో ఉంది. ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా?

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్టును. 2007లో వీడియో గేముల సంస్థ నింటెండో తన ‘వీ’ ఆటల యంత్రం కోసం తెచ్చిన బ్యాలెన్స్ బోర్డు వంటి పలకల్లో నాలుగు మూలల సెన్సర్లు బరువును కొలిచి, శరీరభారం ఎటు మొగ్గుతున్నదో వెంటనే తెరపై చూపుతాయి. పక్షవాతం తరువాత చాలామంది తమకు తెలియకుండానే బలహీనమైన కాలిపై బరువు మోపడం తగ్గిస్తారు కనుక, ఆ లోపం కంటికి కనబడడం మేలే. అయితే పాదాలు కదపకుండా ఒరగడం వేరు, నడుస్తూ తిరగడం వేరు. మీ నాన్నగారి ఇబ్బంది రెండవది కాబట్టి, అడుగులు వేయించే శిక్షణ లేని చోట కేవలం ఆటలకు డబ్బు కట్టమని నేను చెప్పను. చేరేముందు నిలకడను కొలిచే 56 మార్కుల బెర్గ్ పరీక్ష చేస్తారేమో అడగండి.

జవాబు 2:
ఇంటివద్దకైతే, వృద్ధులు పడిపోకుండా న్యూజిలాండ్‌లో రూపొందిన ఒటాగో వ్యాయామాలు ఉన్నాయి: చీలమండకు బరువు కట్టి మోకాలు చాచడం, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవడం వంటివి. వ్యాయామంతో వృద్ధులు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గిందని అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2019 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. కాని పక్షవాత రోగులపై జరిగిన అధ్యయనాలను అందులో చేర్చలేదు గనుక, ఆ అంకెను మీ నాన్నగారికి నేరుగా వర్తింపజేయలేము.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. అడుగుల శిక్షణ ఉన్నదో లేదో రేపు కనుక్కుంటాను.

జవాబు 1:
ఇంట్లో చేయించేటప్పుడు వంటగట్టు పట్టుకొని నిలబడమనండి, మీరు ఆయన ఎడమవైపే ఉండండి.